కాలనీలో అద్దె ఎలక్ట్రిక్ స్కూటర్ల స్టాండ్: జనం మాట ఎలా కనుక్కోవాలి, ఏ షరతులు రాయించుకోవాలి?

కాలనీ_కార్యదర్శి:

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో మెట్రో స్టేషన్‌కు దాదాపు 900 మీటర్ల దూరంలో ఉన్న కాలనీ మాది. 412 ఇళ్లు. సగం మంది అద్దెకున్నవాళ్లే. గేటెడ్ కాదు, నాలుగు వైపులా రోడ్లు తెరిచే ఉంటాయి. యాప్‌లో తాళం తీసి నడుపుకుని, పని అయ్యాక స్టాండులో వదిలి వెళ్లే ఎలక్ట్రిక్ స్కూటర్ల కంపెనీ ఒకటి మమ్మల్ని అడిగింది. కాలనీలో మూడు చోట్ల స్టాండ్లు, మొత్తం 30 బండ్లు పెడతారట. కూర్చుని నడిపే బండ్లే. గంటకు 25 కిలోమీటర్లు దాటవు, లైసెన్స్ అక్కర్లేదు అంటున్నారు. స్థలానికి అసోసియేషన్‌కు నెలకు కొంత ఇస్తామని కూడా అన్నారు.

సభ్యుల్లో రెండు వర్గాలయ్యాయి. కుర్రాళ్లు, ఆఫీసులకు వెళ్లేవాళ్లు కావాలంటున్నారు. పెద్దవాళ్లకు గేట్ల ముందు బండ్లు పడేసి పోతారని, పిల్లలు ముగ్గురు ముగ్గురు ఎక్కి తిరుగుతారని భయం. 'పారిస్‌లోనే నిషేధించారు, మనకెందుకు' అన్న వార్త వాట్సాప్ గ్రూపులో తిరుగుతోంది. గ్రూపులోనే పోల్ పెడితే 61 మంది ఓటేశారు, 44 మంది వద్దన్నారు. ఆ పోల్‌ను పట్టుకుని నిర్ణయం తీసుకోవడం సరికాదని నాకు అనిపిస్తోంది, కానీ ఎందుకు సరికాదో కమిటీకి చెప్పగలగాలి.

తెలిసినవాళ్లు చెప్పండి. పారిస్‌లో అసలు ఏం జరిగింది? కాలనీ అభిప్రాయం సరిగ్గా తెలియాలంటే ఎవరిని, ఏమని అడగాలి? ఒప్పుకుంటే కంపెనీతో ఏమేం రాయించుకోవాలి? లైసెన్స్ అక్కర్లేదన్న మాట నిజమేనా?

పట్టణ_రవాణా:

ముందు పారిస్ సంగతి. అక్కడ గొడవ జరిగింది నిలబడి నడిపే చిన్న చక్రాల స్కూటర్ల మీద. మీ దగ్గరికి వచ్చినవి కూర్చుని నడిపేవి, చక్రాలు పెద్దవి. మీ గ్రూపులో తిరిగే వార్తలోని బండి, మీ వీధిలోకి రాబోయే బండి ఒకటి కాదన్నది మొదట చెప్పండి.

పారిస్‌లో ఇవి 2018లో దిగాయి. అనుమతి విధానమంటూ లేకపోవడంతో ఏడాది తిరిగేసరికి పదికి పైగా కంపెనీలు వచ్చి పడ్డాయి. 2020లో నగరం టెండరు పిలిచి లైమ్, డాట్, టియర్ అనే మూడింటినే ఉంచింది. ఒక్కోదానికి 5,000 బండ్లు, మొత్తం 15,000. నిలపడానికి గీతలు గీసిన చోట్లు ఇచ్చారు, రద్దీ ప్రాంతాల్లో వేగాన్ని 10 కిలోమీటర్లకు తగ్గించారు. అప్పటికే జనం మనసు విరిగింది. 2021 జూన్‌లో ఇద్దరు ఎక్కిన స్కూటర్ తగిలి నడిచి వెళ్తున్న ఒకావిడ చనిపోవడంతో కోపం ఇంకా పెరిగింది. 2023 ఏప్రిల్ 2న ఓటింగ్ పెట్టారు. అద్దె స్కూటర్లు ఉండాలా, వద్దా? అదొక్కటే ప్రశ్న. 89 శాతం వద్దన్నారు. ఆ ఏడాది సెప్టెంబరు 1 నాటికి బండ్లన్నీ తీసేశారు.

ఇక మీ కమిటీ చూడాల్సిన అంకె. ఓటేసింది 1,03,084 మంది. ఓటు హక్కున్నవాళ్లలో ఇది ఏడున్నర శాతం. అంటే నూటికి ఏడుగురు కూడా లేరు వద్దన్నవాళ్లు. మిగతా తొంభై రెండు మంది అసలు ఓటే వేయలేదు. ఆన్‌లైన్ ఓటు లేదు, స్వయంగా వెళ్లి వేయాలి. పారిస్ ఓటరు జాబితాలో ఉండాలి, కాబట్టి శివార్ల నుంచి రోజూ వచ్చి ఆ బండ్లు వాడే కుర్రాళ్లకు ఓటు లేదు. 'ఇన్ని బండ్లయితే సరే', 'ఫలానా చోట నిలిపితే సరే' అని చెప్పే వీలు కూడా లేదు. సొంత స్కూటర్ల మీద ప్రశ్నే లేదు, అవి ఇప్పటికీ అక్కడ తిరుగుతున్నాయి. మీ వాట్సాప్ పోల్ అచ్చంగా ఈ దారిలోనే నడిచింది. ఎక్కువ కోపం ఉన్నవాళ్లు, గ్రూపులో ఉన్నవాళ్లు, ఒకే ప్రశ్న.

అయితే ఆ కోపం అబద్ధమని కాదు. ఐదేళ్లు కాలిబాట మీద అడ్డంగా పడున్న బండ్లను దాటుకుంటూ నడిచినవాళ్ల విసుగు ఆ రోజు ఓటు పెట్టెలో పడింది. కుదరదని చెప్పిన నగరం పారిస్ ఒక్కటే కాదు. 2024 ఆగస్టులో మెల్‌బోర్న్ నగర మండలి, అదే ఏడాది శరదృతువులో మాడ్రిడ్ కూడా అద్దె స్కూటర్లను తీసేయించాయి. రెండు చోట్లా కాలిబాట మీద నడపడం, అడ్డదిడ్డంగా వదిలేయడమే ముఖ్య ఫిర్యాదు.

దీనికి ఎదురుగా అమెరికాలోని పోర్ట్‌లండ్‌ను చూడండి. 2018 జులై చివరి నుంచి నవంబరు దాకా 120 రోజుల ప్రయోగం పెట్టారు. రెండు వేల చిల్లర బండ్లు, 7 లక్షల ప్రయాణాలు. తర్వాత నగరమంతటి నుంచి మనుషుల్ని ఎంపిక చేసి అడిగితే 62 శాతం మంచి అభిప్రాయమే చెప్పారు. అదే సమయంలో ఫిర్యాదులు కూడా వేలల్లో వచ్చాయి, వాటిలో ముఖ్యమైనది కాలిబాట మీద నడపడం. రెండూ ఒకే ఊళ్లో, ఒకే నెలల్లో. ఫిర్యాదుల పెట్టెను లెక్కబెడితే ఊరంతా వ్యతిరేకం అనిపిస్తుంది, మనుషుల్ని ఎంచి అడిగితే వేరే మాట వినిపిస్తుంది. ఫిర్యాదు ఏం సరిచేయాలో చెబుతుంది, ఎంతమందికి ఇష్టమో చెప్పదు. పోర్ట్‌లండ్ వాళ్లు ఇంకోటి కూడా గమనించారు. సైకిల్ దారి వేరుగా ఉన్న రోడ్లలో, వాహనాల వేగం తక్కువున్న వీధుల్లో కాలిబాట ఎక్కేవాళ్లు బాగా తగ్గిపోయారు. మనిషి కాలిబాట ఎక్కేది రోడ్డుకు భయపడే.

సర్వేకు వద్దాం. 412 ఇళ్ల జాబితా తీసుకోండి, యజమాని పేరుతో కాదు, తలుపు నంబరుతో. మొదటి మూడు ఇళ్లలో ఒకటి చీటీ తీసి ఎంచి, అక్కడి నుంచి ప్రతి మూడో ఇంటికి వెళ్లండి. దాదాపు 137 ఇళ్లు వస్తాయి. అన్ని ఇళ్లూ జవాబిస్తే ఏడు శాతం అటూ ఇటూగా కాలనీ మొత్తం అభిప్రాయం తెలుస్తుంది. ఇల్లు తాళం ఉంటే పక్కింటిని అడగొద్దు, అక్కడే సర్వే చెడిపోతుంది. పగలు ఇంట్లో దొరికేది పెద్దవాళ్లు మాత్రమే. ఆఫీసుకు వెళ్లేవాళ్లు జారిపోతారు. రాత్రి 7 నుంచి 9 మధ్య రెండుసార్లు, ఆదివారం ఉదయం ఒకసారి వెళ్లండి. ఇంట్లో 16 ఏళ్లు దాటినవాళ్లలో ఎవరి పుట్టినరోజు ముందొస్తుందో వాళ్లనే అడగండి. లేకపోతే ప్రతి ఇంట్లో ఇంటిపెద్దే జవాబు చెబుతారు.

ఇళ్ల జాబితాలో లేనివాళ్లు ఇంకా ఉన్నారు. పనికి వచ్చే ఆడవాళ్లు, వాచ్‌మన్లు, కూరగాయల బండ్లవాళ్లు, స్టేషన్ దగ్గర షేర్ ఆటోలవాళ్లు. మీ వీధుల్లో అందరికంటే ఎక్కువ నడిచేది వీళ్లే. వీళ్లలో ఒక 25 మందిని విడిగా అడిగి, లెక్క విడిగానే చూపండి. ఆటోవాళ్లను అడక్కుండా స్టేషన్ మెట్ల దగ్గర స్టాండ్ పెడితే మొదటి వారమే గొడవవుతుంది, అది వాళ్ల పొట్టకూటి విషయం.

'స్కూటర్లు కావాలా వద్దా' అన్నది మొదటి ప్రశ్న కాకూడదు. ఇప్పుడు స్టేషన్‌కు ఎలా వెళ్తున్నారు అన్నది ముందు అడగండి. 900 మీటర్లంటే నడిచేది 12 నిమిషాలు. నడిచేవాళ్లే స్కూటర్ ఎక్కితే రోడ్డు మీద కారూ తగ్గదు, పొగా తగ్గదు. నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు 2019లో నిలబడి నడిపే అద్దె స్కూటర్ల మీద వేసిన లెక్కలో కాలుష్యంలో సగం బండి తయారీది, 43 శాతం వాటిని వేరే వాహనాల్లో పోగేసి ఛార్జింగుకు తీసుకెళ్లడానిది. బండి నడిచేందుకు పట్టిన కరెంటు వాటా చాలా చిన్నది. బ్యాటరీ మార్చుకునే బండ్లతో ఈ లెక్క మెరుగుపడుతుంది. అయినా 'పర్యావరణానికి మంచిది' అని కరపత్రంలో రాసే ముందు, మీ కాలనీలో అది దేనికి బదులు వస్తోందో తెలుసుకోండి. సొంత బైకు స్టేషన్ దాకా తీసుకెళ్లి పార్కింగ్ కట్టేవాళ్లు మారితేనే లాభం.

ఫ్లీట్_పని:

పైన చెప్పినదానికి పూర్తిగా ఒప్పుకుంటాను. బండ్లు నడిపే వైపు నుంచి ఎక్కడ తప్పుతుందో చెబుతాను. జనానికి కోపం తెప్పించేది నడుస్తున్న బండి కంటే నిలబడి ఉన్న బండి. ఒక బండి రోజులో నడిచేది మహా అయితే రెండు మూడు గంటలు, మిగతా ఇరవై గంటలు ఎవరో ఒకరి ఇంటి ముందు ఉంటుంది. కాబట్టి ఒప్పందంలో ముప్పావు వంతు నిలపడం గురించే ఉండాలి.

'జీపీఎస్ ఉంది, స్టాండు బయట వదిలితే రైడ్ ముగియదు' అని కంపెనీ చెబుతుంది. ఆరుబయట జీపీఎస్ మూడు నుంచి ఐదు మీటర్ల తేడాతో చూపిస్తుంది. ఐదంతస్తుల భవనాల మధ్య, మెట్రో వంతెన కింద ఆ తేడా పది, ఇరవై మీటర్లకు పోతుంది. అంటే బండి రోడ్డుకు ఇటు ఉందా అటు ఉందా, స్టాండులో ఉందా పక్క గేటు ముందు ఉందా అన్నది జీపీఎస్‌కు తెలియదు. దాన్నొక్కదాన్నే నమ్ముకున్న చోట బండ్లు స్టాండు చుట్టూ ఇరవై మీటర్ల మేర చెల్లాచెదురుగా ఉంటాయి, యాప్‌లో మాత్రం అన్నీ సరిగ్గా ఉన్నట్టు కనిపిస్తాయి. అందుకని మూడు కలిపి అడగండి. నేల మీద పెయింటుతో గీసిన పెట్టె. స్టాండు దగ్గర బోర్డు మీద క్యూఆర్ కోడ్, దాన్ని స్కాన్ చేస్తేనే రైడ్ ముగియాలి. చివర ఫోటో, అందులో గీత, రెండు చక్రాలు కనబడాలి. ఫోటోలు ఎవరైనా చూస్తున్నారా, యాప్ గుడ్డిగా తీసుకుంటోందా అని కూడా అడగండి. బండిని కడ్డీకి తాళం వేస్తేనే రైడ్ ముగిసే పద్ధతి ఇంకా గట్టిది. వాషింగ్టన్ నగరం 2021 అక్టోబరు నుంచి నిలబడి నడిపే స్కూటర్లకు దాన్ని తప్పనిసరి చేసింది.

పెట్టె కొలత. కూర్చుని నడిపే బండికి 2 మీటర్ల పొడవు, 80 సెంటీమీటర్ల వెడల్పు చాలు. హ్యాండిళ్లు ఒకదానికొకటి తగలకుండా ఉండాలంటే 90 వేసుకోండి. ఒక కారు నిలిపే 5 మీటర్ల చోటులో అడ్డంగా ఐదు బండ్లు పడతాయి. 30 బండ్లకు ఆరు కార్ల చోటు. ఈ లెక్క ముందే చెప్పండి, ఎందుకంటే ఆ ఆరు చోట్లలో ఇప్పుడు ఎవరో ఒకరు కారు పెడుతున్నారు. అసలు పోట్లాట అక్కడే మొదలవుతుంది. వీధి మలుపుకు పది మీటర్లు వదలండి, ట్రాన్స్‌ఫార్మర్ పక్కన, డ్రైనేజీ మూత మీద వద్దు.

నేల ఏదన్నది ఎవరూ పట్టించుకోరు. మే నెల మధ్యాహ్నం తారు మెత్తబడి సైడ్ స్టాండ్ కాలు వేలెడంత దిగిపోతుంది. సాయంత్రానికి బండి ఒరిగి పక్కదాని మీద పడుతుంది, అది ఆ పక్కదాని మీద. వానాకాలం మట్టి మీద కూడా అంతే. పెట్టె కింద సిమెంటు గానీ పేవర్ బిళ్లలు గానీ వేయించుకోండి. వాలు లేని చోటు చూసుకోండి. వీలైతే సెంటర్ స్టాండ్ ఉన్న బండ్లే అడగండి.

రాత్రి అలారం ఇంకో తలనొప్పి. తాళం తీయకుండా బండి కదిలితే అది కీచుమని మోగుతుంది. కుక్క రాసుకున్నా, పక్క బండి తగిలినా మోగుతుంది. రాత్రి రెండింటికి పడకగది కిటికీ కింద అది రెండుసార్లు మోగితే ఆ ఇంటివాళ్లు జన్మలో స్కూటర్లకు ఓటెయ్యరు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా శబ్దం తగ్గించే సెట్టింగు కంపెనీ చేతిలోనే ఉంటుంది, రాయించుకోండి. స్టాండును ఇంటి గోడకు ఆనించకుండా పార్కు గోడ వైపు పెట్టండి.

అన్నిటికంటే పెద్ద సమస్య మీ కాలనీలో రాదు, స్టేషన్ దగ్గర వస్తుంది. ఉదయం 8 నుంచి 9:30 వరకు అందరూ ఒకే వైపు వెళ్తారు. 40 రైడ్లు స్టేషన్‌కు వెళ్లి, 10 తిరిగి కాలనీకి వచ్చాయనుకోండి. కాలనీలో ఉన్న 30 బండ్లూ పోయి స్టేషన్ మెట్ల కింద ముప్పై బండ్లు పోగవుతాయి. 9:30కి కాలనీలో యాప్ తెరిచినవాళ్లకు బండి దొరకదు. స్టేషన్ దగ్గర నడిచేవాళ్లకు దారి దొరకదు. ఇద్దరికీ కోపమే, ఒకే కంపెనీ మీద. స్టేషన్ వైపు ఎన్ని బండ్లకు చోటు ఉంది, ఎవరి అనుమతితో ఉంది అన్న కాగితం చూపించమనండి. అది చూపించలేకపోతే మీ కాలనీ గురించి మాట్లాడటం దండగ. చూపిస్తే, 9 గంటలకు ఒక చిన్న ట్రాలీ ఆటోలో పది పన్నెండు బండ్లు వెనక్కి తెచ్చే మనిషి ఉన్నాడా అని అడగండి. లేకపోతే 30 బండ్లు వద్దు, 12తో మొదలుపెట్టమనండి. రోజుకు ఒక్కో బండికి నాలుగు రైడ్లు దాటితే ఇంకో ఆరు, రెండు వారాల పాటు రెండు కంటే తగ్గితే వెనక్కి. ఖాళీగా దుమ్ము పట్టిన బండిని చూసినంత చికాకు నడిచే బండిని చూస్తే రాదు.

ఫిర్యాదుకు సమయం రాయండి. గేటుకు గానీ నడిచే దారికి గానీ అడ్డమైతే 45 నిమిషాల్లో తీయాలి, పడిపోయి ఉంటే రెండు గంటల్లో లేపాలి. ఇవి పగటి సమయాలు. బండి నంబరు మూడు మీటర్ల దూరం నుంచి చదవగలిగేంత పెద్దగా రెండు వైపులా ఉండాలి. ఫిర్యాదుకు ఫోన్ నంబరు కావాలి, యాప్ కాదు. ఇబ్బంది పడేవాళ్లు వాళ్ల కస్టమర్లు కారు, వాళ్ల ఫోన్లలో ఆ యాప్ ఉండదు.

వేగం తగ్గించే హద్దుల గురించి ఒక్క మాట. స్కూలు వీధిలో 10 కిలోమీటర్లకు తగ్గించమని అడగొచ్చు, అది యాప్ నుంచే పెట్టగలరు. అయితే హద్దు దాటగానే మోటారు ఒక్కసారిగా ఆగిపోయేలా పెట్టనివ్వొద్దు. జీపీఎస్ తప్పు చూపిస్తే నడిరోడ్డు మీద, వెనక బస్సు ఉండగా బండి చచ్చిపోతుంది. మెల్లగా తగ్గాలి.

కాగితం_చూడండి:

లైసెన్స్ ప్రశ్నకు జవాబు. కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం మోటారు శక్తి 250 వాట్ల లోపు, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు, బ్యాటరీ కాకుండా బరువు 60 కిలోల లోపు ఉన్న రెండు చక్రాల బ్యాటరీ బండి మోటారు వాహనం కిందికి రాదు. రిజిస్ట్రేషన్ లేదు, లైసెన్స్ లేదు. కానీ ఆ బండి నిజంగా ఆ లెక్కలో ఉందని ఏఆర్ఏఐ, ఐక్యాట్ లాంటి పరీక్షా సంస్థ ఇచ్చిన ధ్రువపత్రం ఉండాలి. కంపెనీ నుంచి మొదట అడగాల్సిన కాగితం అది. మోడల్ పేరు పత్రంలోనూ బండి మీదా ఒకటే ఉందా చూడండి.

ఇక్కడే ఒక చిక్కు ఉంది, చాలామంది గమనించరు. మోటారు వాహనం కాదు కాబట్టి మోటారు వాహనాల చట్టంలోని 146వ సెక్షన్ కింద థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి కాదు. హెల్మెట్ మీద 129, మైనరు నడిపితే తల్లిదండ్రులకు, బండి యజమానికి మూడేళ్ల జైలు, 25 వేల జరిమానా వేసే 199ఎ కూడా దీనికి వర్తించవు. లైసెన్స్ అక్కర్లేదు అంటే రైడరుకు సుఖం, ఆ బండి తగిలి కాలు విరిగిన ముసలావిడకు మాత్రం బీమా డబ్బు వచ్చే దారి మూసుకుపోతుంది. అందుకని చట్టం అడగనిది మీరు ఒప్పందంలో అడగండి. కంపెనీ పేరు మీద మూడో వ్యక్తికి నష్టపరిహారం ఇచ్చే పాలసీ ఉండాలి. 'రైడర్‌కు 5 లక్షల ప్రమాద బీమా' అని చూపిస్తే అది వేరు, అది నడిపేవాడికి మాత్రమే. పాలసీ కాగితంలో థర్డ్ పార్టీ అన్న వరుస వేలుపెట్టి చూడండి. వయసు 18 దాటాలని, ఖాతా తెరిచేటప్పుడు గుర్తింపు కార్డుతో పాటు సెల్ఫీ సరిపోల్చాలని రాయించుకోండి. తండ్రి ఫోన్లో ఓటీపీతో కొడుకు తీసుకెళ్లే దారి అప్పుడు కొంతైనా మూసుకుంటుంది.

చివరగా, మీకు డబ్బిస్తామన్న విషయం. అనుమతి పొందిన లేఔట్‌లో రోడ్లు, పార్కు స్థలం స్థానిక సంస్థవి, అసోసియేషన్‌వి కావు. రోడ్డు పక్క చోటుకు మీరు అద్దె తీసుకోకూడదు. మీరు ఇవ్వగలిగింది అభ్యంతరం లేదన్న లేఖ మాత్రమే. కార్పొరేషన్ నుంచి, ట్రాఫిక్ పోలీసు నుంచి అనుమతి కంపెనీ తెచ్చుకోవాలి. ఆ నెలసరి డబ్బు తీసుకుంటే సర్వే ఎంత బాగా చేసినా రేపు ఎవరూ నమ్మరు.

తెల్లకర్ర:

నడిచేవాళ్ల తరఫున రాస్తున్నాను, ముఖ్యంగా కళ్లు కనిపించనివాళ్ల తరఫున.

తెల్లకర్ర నేలను తడుముతుంది. బండి చక్రం కర్రకు తగిలేలోపే హ్యాండిల్ ఛాతీకి తగులుతుంది, ఎందుకంటే హ్యాండిల్, అద్దం చక్రం కంటే బయటికి పొడుచుకుని ఉంటాయి. వరుసలో చివరి బండి ముందు చక్రం తిప్పి పెడితే ఇంకా ప్రమాదం. స్టాండు రెండు చివర్లా నేల నుంచి మొదలయ్యే ఒక కడ్డీ గానీ మొక్కల తొట్టి గానీ పెట్టించండి. కర్ర ముందు దానికి తగులుతుంది. బండ్లు ఎప్పుడూ ఒకే చోట ఉంటే దారి గుర్తుపెట్టుకోవచ్చు. రోజుకో చోట ఉంటే తెలిసిన వీధి కూడా కొత్త వీధే.

కాలిబాట మీద స్టాండు అసలే వద్దు. మన రోడ్ల ప్రమాణాల ప్రకారం నడిచే దారికి ఏ అడ్డూ లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి. స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్లు, చెట్లు పోగా అంత మిగిలే కాలిబాట మన దగ్గర ఎన్ని చోట్ల ఉందో మీరే టేపు పట్టుకుని కొలవండి. స్వీడన్ 2022 సెప్టెంబరు 1 నుంచి దేశమంతటా కాలిబాట మీద ఎలక్ట్రిక్ స్కూటర్ నడపడాన్నీ, గుర్తు పెట్టిన చోట తప్ప నిలపడాన్నీ ఆపేసింది. మెట్రో స్టేషన్ల దగ్గరి పసుపు బిళ్లల మీద, గీతలున్నవైనా చుక్కలున్నవైనా, ఒక్క చక్రం కూడా ఉండకూడదని ఒప్పందంలో విడిగా రాయండి. ఆ బిళ్లలు అలంకారం కాదు, కళ్లు కనిపించనివాళ్లకు దారి చూపేవి.

కాలిఫోర్నియాలో రెండు ఆసుపత్రుల్లో నిలబడి నడిపే స్కూటర్ల వల్ల గాయపడి వచ్చిన 249 మంది వివరాలతో 2019లో ఒక పరిశోధన వచ్చింది. అందులో 21 మంది అసలు స్కూటర్ ఎక్కనివాళ్లు. 11 మందికి స్కూటర్ తగిలింది, ఐదుగురు నిలిపి ఉన్న బండి తట్టుకుని పడ్డారు, ఇంకో ఐదుగురు దాన్ని పక్కకు జరపబోయి దెబ్బ తగిలించుకున్నారు. అందుకే పైన రాసిన 45 నిమిషాల షరతు నాకు ముఖ్యం. ఎవరో ఒకరు లేపుతార్లే అని వదిలేస్తే లేపేది వాచ్‌మన్ లేదా ఆ ఇంటి పెద్దాయన.

పట్టణ_రవాణా:

@తెల్లకర్ర చెప్పినదానికి ఇంకో వైపు కలుపుతాను. అదే పరిశోధనలో 228 మంది నడిపినవాళ్లే. 2018 చివర్లో అమెరికాలోని ఆస్టిన్ నగరంలో చూస్తే గాయపడ్డ 190 మంది రైడర్లలో హెల్మెట్ ఉన్నది ఒక్కరికి. దాదాపు సగం మందికి తలకు దెబ్బ. మూడో వంతు మందికి అదే మొదటి రైడు. అంటే మొదటి రైడు ముందు పది నిమిషాలు నేర్పితే కొంతైనా తగ్గొచ్చు. మొదటి రెండు ఆదివారాలు పార్కు పక్క ఖాళీ స్థలంలో బండి నడపడం నేర్పమని కంపెనీని అడగండి. వెనక బ్రేకు ముందు నొక్కడం, తడి రోడ్డు, స్పీడ్ బ్రేకరు. మొదటి మూడు రైడ్లకు వేగం 15 దాటకుండా యాప్‌లోనే కట్టడి పెట్టమనండి.

కాలనీ_కార్యదర్శి:

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. డబ్బు వద్దని కంపెనీకి ఈరోజే చెప్పేశాం. స్టేషన్ దగ్గర అనుమతి కాగితం అడిగాం. ప్రశ్నల చిత్తు ఇది, తప్పుంటే చెప్పండి.

1. మెట్రో స్టేషన్‌కు వారంలో ఎన్నిసార్లు, ఎలా వెళ్తారు?
2. పర్యావరణానికి మేలు చేసే ఎలక్ట్రిక్ స్కూటర్లు మన కాలనీకి రావడం మీకు ఇష్టమేనా?
3. స్టాండు ఎక్కడ ఉంటే బాగుంటుంది?
4. మీ భయాలు ఏమిటి?

పట్టణ_రవాణా:

మొదటిది బాగుంది. రెండోది మార్చండి, 'పర్యావరణానికి మేలు చేసే' అన్న మాటతో జవాబు మీరే చెప్పేస్తున్నారు. నడవడం, నిలపడం రెండూ విడదీయండి. 'మీ వీధిలో ఈ బండ్లు తిరగడం గురించి మీ అభిప్రాయం?' అని ఒకటి. 'మీ ఇంటికి 20 మీటర్ల లోపు ఐదు బండ్ల స్టాండు ఉండటం గురించి?' అని ఇంకొకటి. రెంటికీ నాలుగు జవాబులు పెట్టండి: సరే, షరతులతో సరే, వద్దు, చెప్పలేను. షరతులతో సరే అంటే ఆ షరతు వాళ్ల మాటల్లోనే రాసుకోండి. ఒప్పందానికి ముడిసరుకు ఆ వరుసలోనే దొరుకుతుంది.

మూడోదానికి కాలనీ పటం చేతిలో పెట్టి, ఐదు చోట్లు గుర్తు పెట్టి, ఏది ఫర్వాలేదు, ఏది అసలు వద్దు అని రెండు రంగుల్లో సున్నా చుట్టమనండి. అసలు వద్దన్న చోట్లు ముందు కొట్టేయండి. నాలుగోదాన్ని 'భయాలు' అనకుండా 'ఈ బండ్ల గురించి మీరు చెప్పాలనుకున్నది' అని అడగండి, ఇష్టపడేవాళ్లు కూడా మాట్లాడతారు.

ప్రతి కాగితం మీద తలుపు నంబరు రాసుకోండి. బండ్లు వస్తే, వచ్చిన 60వ రోజు తర్వాత అవే 137 ఇళ్లకు, అవే ప్రశ్నలతో మళ్లీ వెళ్లాలి. ముందు వద్దన్నవాళ్లు ఎంతమంది మారారు, ముందు సరే అన్నవాళ్లు ఎంతమంది విసిగిపోయారు అన్నది రెండో కాగితం పక్కన మొదటి కాగితం పెడితేనే తెలుస్తుంది. అభ్యంతరం లేదన్న లేఖ మీద గడువు కూడా 90 రోజులే వేయండి.

ఫ్లీట్_పని:

90 రోజులు సరే గానీ మొదలు పెట్టే నెల చూసుకోండి. మార్చి మొదట్లో మొదలుపెడితే వాన చూడకుండానే గడువు అయిపోతుంది. జూన్ రెండో వారంలో స్కూళ్లు తెరిచాక పెడితే స్కూలు రద్దీ, వాన రెండూ ఆ మూడు నెలల్లోనే వస్తాయి. నీళ్లు నిలిచే చోట స్టాండు పెట్టారా లేదా అన్నది కూడా జులైకి తేలిపోతుంది. పటంలో గుర్తు పెట్టిన ఐదు చోట్లకు ఇప్పుడే వెళ్లి, పోయిన వానాకాలం నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో గోడల మీద మరక చూసి రాసుకోండి.